చెల్లుచీటి లేనిదే ఖాతా మూతపడదు

ఖాతా తెఱచుటకు ఒక గడియ చాలును. మూయుటకు మాత్రము లెక్క చూడవలెను, బాకీ తీర్చవలెను, చెల్లుచీటి వ్రాయించుకొనవలెను. సరకు తెచ్చుకొనుట మానినంతమాత్రమున ఖాతా మూతపడినదని యే వర్తకుడును తలపడు. అంగడిలో నందఱికి తెలిసిన ఈ న్యాయమును మనవారు టెలిఫోను, ఇంటర్నెట్టుల విషయమున మఱచుచున్నారు. బిల్లు కట్టుట మానినచో సేవ దానంతట అది తీరిపోవుననియు, తీరిన దానికి మఱి ఖర్చు లేదనియు అనుకొనుచున్నారు. ఈ భ్రమవలన మన కుటుంబములు కొన్ని ఇదివఱకే నష్టపడినవి. కావున ఈ వారము దీనిని గూర్చి కొంత విపులముగ వ్రాయుట మా విధియని భావించితిమి.

ఆవని మొదలుకొని ముళబాగిలు, బంగారపేట, బంగారు గనుల పేటల వఱకు తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో ఈ ప్రశ్న నానాటికి పెరుగుచున్నది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట బిడ్డలు బెంగుళూరు దారి పట్టిరి. కొందఱు మారికుప్పము నుండి రైలులో దినదినము పోయి వచ్చుచున్నారు. కొందఱు అచ్చటనే కాపురములు పెట్టిరి. ఊరిలో ముసలి తలిదండ్రులు, మూలనున్న పాత టెలిఫోను, కుమారుడు పెట్టించి పోయిన రూటరు మిగిలినవి. వీనిలో ఏది ఉంచవలెను, ఏది మాన్పవలెను, మాన్పుటకు ఎంత అగును అని యోచింపవలసి వచ్చినది.

ముందు ఇంటర్నెట్టు సంగతి. మన పాఠకులలో నొకరి కుమారుడు ఇల్లు మారుచు ఫైబరు కనెక్షనును అట్లే విడిచి పోయెను. కంపెనీకి జాబు వ్రాయలేదు, రూటరు తిరిగి ఈయలేదు. కొన్ని నెలల పిదప పెద్దాయన పేరిట వకీలు నోటీసు వచ్చెను. అందులో వాడని నెలల అద్దె, రూటరు వెల, ఆలస్యపు రుసుము అన్నియు కలిసియుండెను. ఒక ఉత్తరముతోను, ఒక రసీదుతోను పోవలసినది వేల రూపాయల తగవైనది.

ఇట్టి కనెక్షనును విడుచునపుడు అయిదు పద్దులు చూచుకొనవలెను. మొదటిది, సేవ నిలిచిన దినము వఱకు బిల్లు. రెండవది, ఒప్పందములోని కనీసపు గడువు ముగియకమున్నే విడిచినచో కట్టవలసిన మొత్తము. మూడవది, తిరిగి ఈయని రూటరు వెల. నాల్గవది, ఆరు నెలలకో సంవత్సరమునకో ముందుగా కట్టిన సొమ్ములో మిగిలిన భాగము. పథకమును బట్టి ఇది తిరిగి రాకపోవచ్చును. అయిదవది, ఉచితముగా బిగించితిమని చెప్పిన పని ఖర్చు. ఈ ఉచితము చాలచోట్ల గడువు వఱకు నిలిచినవారికే ఉచితము.

ఈ లెక్క వేసినపిదప గాని విడుచుట లాభమో ఉంచుట లాభమో తేలదు. నెలకు 500 రూపాయల పథకములో గడువు ఇంక నాలుగు నెలలున్నదనుకొందము. 18 శాతము జి.ఎస్.టి. తో నెలకు 590, నాలుగు నెలలకు 2,360 రూపాయలు. ఇప్పుడే విడిచిన 1,500 కట్టుమని కంపెనీవారన్నచో విడుచుటయే మేలు. 3,000 అన్నచో గడువు ముగియువఱకు వాడుకొని పిదప విడుచుట మేలు. మూడవ దారియు కలదు: అదే కనెక్షనును బెంగుళూరిలోని క్రొత్త ఇంటికి మార్చుటకు వీలున్నదా యని అడుగుట. అడిగినందుకు డబ్బు కట్టనక్కఱలేదు.

ఇక చేతి ఫోను. ప్రీపెయిడ్ సిమ్మును మాన్పించుటకు రుసుము లేదు. అందువలననే దీనిని తేలికగా చూచుచున్నారు. నిజమునకు పెద్ద నష్టము దాగియున్నది ఇచ్చటనే. బ్యాంకు ఖాతా, ఆధారు, గ్యాసు, 2023 ఆగస్టులో ఆరంభమైన గృహలక్ష్మి సొమ్ము, కోలారు టొమాటో మండీ వ్యాపారుల పలుకుబడి, ఇవి యన్నియు ఆ పది అంకెల సంఖ్యకు ముడిపడియున్నవి. ట్రాయ్ అను టెలికాం నియంత్రణ సంస్థ 2013 నుండి అమలుపఱచిన నియమము ప్రకారము, వాడుక లేదని 90 దినములలోపల ఏ ప్రీపెయిడ్ సంఖ్యను తీసివేయరాదు. 90 దినములు గడచినను ఖాతాలో 20 రూపాయలున్నచో, ఆ 20 తీసికొని మఱి 30 దినములు ఉంచవలెను. తీసివేసిన తరువాతకూడ తిరిగి తెచ్చుకొనుటకు 15 దినముల వ్యవధి కలదు. కావున ఉంచదలచిన సంఖ్యలో 20 రూపాయల నిలువ ఉంచుట మఱువరాదు.

ఆ వ్యవధియు దాటినచో సంఖ్య పరుల పాలగును. తీసివేసిన సంఖ్యను 90 దినముల వఱకు వేఱొకరికి ఇయ్యరని 2023 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము ఎదుట నియంత్రణ సంస్థ విన్నవించెను. ఆ సంఖ్యపై నున్న తన సమాచారమును తీసివేసికొనుట పాత వాడుకరి చూచుకొనవలసిన పనియేనని న్యాయస్థానము అభిప్రాయపడెను. అనగా మన బ్యాంకు ఓ.టి.పి. ఎవరో ఎఱుగని వాని చేతిలో పడినచో, ముందు జాగ్రత్తపడలేదను మాట మన మీదికే వచ్చును. ముందు బ్యాంకులో క్రొత్త సంఖ్య వ్రాయింపవలెను, పిదప ఆధారులో, ఆ పిదప తక్కినచోట్ల. సిమ్మును విడుచుట చిట్టచివరి పని. ఏరు దాటిన పిమ్మట తెప్ప తగలవేయుట తప్పని పెద్దలు చెప్పుదురు. మనవారు దాటకమునుపే తగలవేయుచున్నారు.

కంపెనీ నచ్చనివారు సంఖ్యను వదలుకొననక్కఱలేదు. అదే సంఖ్యతో వేఱు కంపెనీకి మాఱు హక్కు 2011 జనవరి 20 నుండి దేశమంతటను కలదు. 2015 జూలై 3 నుండి రాష్ట్రము మాఱినను సంఖ్య మాఱదు. పలమనేరుకో కుప్పమునకో కోడలుగా పోయిన ఆడబిడ్డకు ఇది మేలైన సదుపాయము. పోర్ట్ అని ఆంగ్లాక్షరములలో వ్రాసి, ఖాళీ విడిచి, తన సంఖ్య వ్రాసి, 1900 కు పంపినచో ఒక కోడు వచ్చును. కర్ణాటకములో అది నాలుగు దినములు చెల్లును. 2019 డిసెంబరులో వచ్చిన పద్ధతి ప్రకారము మార్పు ఒకే సర్కిలులో మూడు పనిదినములలోను, వేఱు సర్కిలునకు అయిదు పనిదినములలోను ముగియవలెను. అయితే ఇందును షరతులు కలవు. ఉన్న కంపెనీలో 90 దినములు నిండియుండవలెను. పోస్టుపెయిడ్ బాకీ తీరియుండవలెను. 2024 జూలై నుండి, సిమ్ము మార్చిన ఏడు దినములలోపల కోడు ఇయ్యరు. ముఖ్యముగా పాత కంపెనీలో మిగిలిన రీఛార్జి క్రొత్త కంపెనీకి రాదు. సంవత్సరమునకు రీఛార్జి చేయించి మఱునాడు కంపెనీ మార్చినవాడు ఆ సొమ్మంతయు వదలుకొన్నట్లే. పథకము ముగియవచ్చిన వారములో మార్చుకొనుట వివేకము.

పాత టెలిఫోనులను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. ఇచ్చట ఖర్చుకంటె రాబడి మాట ముఖ్యము. 1994 నాటి జాతీయ టెలికాం విధానమునకు ముందు పేరు నమోదు చేయించుకొని ఏండ్ల తరబడి వేచిన కుటుంబములు మనలో ఎన్నో కలవు. ఆనాడు కట్టిన డిపాజిట్టు మనదే. 2000 అక్టోబరులో టెలిఫోను శాఖ పని బి.ఎస్.ఎన్.ఎల్. చేతికి వచ్చినను ఆ హక్కు పోలేదు. 08159 తో మొదలగు ముళబాగిలు సంఖ్యగాని, 08153 తో మొదలగు గనుల సంఖ్యగాని మ్రోగక మూలపడియున్నచో, దరఖాస్తు ఇచ్చి, పరికరము అప్పగించి, బాకీ పోను మిగిలిన డిపాజిట్టు అడుగవచ్చును. టెలిఫోను పేరుగల పెద్దలు గతించియున్నచో వారసులు మరణపత్రముతో అడుగవలెను. పాత రసీదులను చిత్తుకాగితములలో వేయకుడు. 2009 నాటి నిబంధనలు డిపాజిట్టు వాపసునకు 60 దినముల గడువు పెట్టగా, 2024 అక్టోబరునుండి అమలైన నిబంధనలు దానిని 45 దినములకు తగ్గించినవి. అయితే దరఖాస్తు చేరిన తేదీకి ఋజువు లేనిచో ఈ గడువు ఎన్నడు మొదలైనదని చూపగలము?

ఒక్కొక్కప్పుడు విడుచునది మనము గాదు, కంపెనీయే. 2017 డిసెంబరులో రిలయన్స్ కమ్యూనికేషన్స్ మాటల సేవను నిలిపెను. 2018 లో ఎయిర్‌సెల్ దివాలా పట్టెను. అపుడు వెంటనే కోడు తెచ్చుకొన్నవారు సంఖ్య నిలుపుకొనిరి, ఉపేక్షించినవారు పోగొట్టుకొనిరి.

ఇతర దేశములలో ఈ చిక్కును చట్టమే కొంత విప్పినది. జర్మనీలో 2021 డిసెంబరునుండి, మొదటి గడువు ముగిసిన పిమ్మట ఒక నెల ముందు చెప్పి టెలిఫోను ఒప్పందమును విడువవచ్చును. 2022 జూలైనుండి ఇంటర్నెట్టులో చందాలు అమ్మువారు రద్దుకొఱకు మీట నొకటి ఎదుటనే ఉంచవలెను. మన కేంద్ర ప్రభుత్వమును 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకములలో, చేరుట సులభము చేసి విడుచుట కష్టము చేయు చందా ఉచ్చును మోసపు పద్ధతులలో నొకటిగా నిషేధించినది. అయినను ఉత్తర్వు ఢిల్లీలో నుండగా ఉచ్చు మన వాకిటనున్నది. మన జాగ్రత్త మనమే పడవలెను.

తగవు వచ్చినచో దారి యిది. ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రమునకు చెప్పి ఫిర్యాదు సంఖ్య వ్రాసికొనవలెను. తీరనిచో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాయవలెను. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. అప్పటికిని కానిచో కోలారులో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 చట్టము టెలికాం సేవను స్పష్టముగా తనలో చేర్చుకొన్నది. టెలికాం తగవులను కమిషను వినవచ్చునని సర్వోన్నత న్యాయస్థానము 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. చెల్లించిన మూల్యము అయిదు లక్షలు మించని వ్యాజ్యమునకు రుసుము లేదు. కాని అచ్చటను మొదట అడుగునది కాగితమే.

ఆవని నుండి ముళబాగిలునకో కోలారునకో పోయి వచ్చుటకు బస్సు ఛార్జీ, ఒక దినపు కూలి పోవునని కొందఱు అందురు. అది నిజమే, దానిని కూడ ఖర్చులో వ్రాసికొనవలెను. అందుచేతనే ఇది ఒక్కొక్క ఇంటివాని పనిగా విడిచిపెట్టరాదని మా అభిప్రాయము. ఒప్పందములు ఆంగ్లమున సన్నని అక్షరములలో నుండును. కన్నడము మనకు చక్కగ వచ్చినను ఆ కాగితము చదువుకొనలేని పెద్దలు మనలో ననేకులు. వారి కొఱకు తెలుగునను కన్నడమునను నమూనా దరఖాస్తులను సంఘము సిద్ధము చేయవలెను. చదువుకొన్న యువకులు ఆదివారమున ఒక గంట కూర్చుండి, వచ్చినవారి కాగితములు చదివి చెప్పవలెను. ఊరివారు పోగయి పదిమంది దరఖాస్తులను ఒక్కరి చేత పంపినచో బస్సు ఖర్చును పదిపాళ్లగును.

పాఠకులకు మా విన్నపము ఒక్కటే. ప్రతి ఇంటను ఒక నోటు పుస్తకములో ఒక పుట దీనికి కేటాయింపుడు. ఏ కనెక్షను ఎవరి పేర, ఏ తేదీన, ఎంత డిపాజిట్టుతో, ఎంత గడువుతో చేరినది, విడిచిన ఎంత అగును అని చేరునాడే అడిగి వ్రాసికొనుడు. విడిచినపుడు రూటరు అప్పగించిన రసీదును, బాకీ లేదను పత్రమును ఆ పుటకే అంటింపుడు. ఆ రెండును చేతికి వచ్చువఱకు మాన్పించితిమని ఎవరితోను అనకుడు.