బడిలో బిగబట్టింది ఇంట్లో బద్దలవుతుంది

నాలుగో తరగతి పిల్లవాడు. పాఠం వింటూ కళ్లు టపటపా కొట్టుకుంటాడు, మెడ ఒక పక్కకి విదిలిస్తాడు, ఉండుండి గొంతులోంచి చిన్న శబ్దం చేస్తాడు. టీచరు రెండుసార్లు కసురుతుంది, మూడోసారి తరగతి బయట నిలబెడుతుంది. ఇంట్లోవాళ్లు కళ్ల డాక్టరుకి చూపిస్తారు, గొంతు డాక్టరుకి చూపిస్తారు. ఇద్దరూ ఏమీ లేదనేసరికి నానమ్మ దిష్టి తీస్తుంది, నాన్న 'వీడు కావాలనే చేస్తున్నాడు' అని తేల్చేస్తాడు. టూరెట్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు మన ఇళ్లలో తరచూ జరిగేది ఇదే.

టూరెట్ సిండ్రోమ్ మెదడు, నరాలకు సంబంధించిన సమస్య. ఫ్రెంచి వైద్యుడు జిల్ ద లా టూరెట్ 1885లోనే తొమ్మిదిమంది రోగులను పరిశీలించి దీన్ని గ్రంథస్థం చేశాడు. అదుపులేని కదలికలు, శబ్దాలు (టిక్స్ అంటారు) రెండూ ఏడాదికి పైగా ఉంటే డాక్టర్లు ఈ పేరు పెడతారు. సాధారణంగా 5-7 ఏళ్ల మధ్య మొదలై, 10-12 ఏళ్లకి ముదిరి, చాలామందిలో యుక్తవయసు దాటేసరికి తగ్గుముఖం పడుతుంది. సినిమాల్లో చూపించే బూతుమాటలు వచ్చేది పదిమందిలో ఒకరిద్దరికే.

టిక్స్ అందరికీ కనబడతాయి కాబట్టి అందరి ధ్యాసా వాటి మీదే ఉంటుంది. పిల్లల్ని ఎక్కువగా కుంగదీసేది మాత్రం తరచూ వాటి చాటున ఉన్నది. ఈ పిల్లల్లో నూటికి 85 మందికి కనీసం మరొక మానసిక సమస్య తోడుంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. సగం మందికి ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేకపోవడం), ఇంచుమించు అంతే మందికి ఓసీడీ (వదలని ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం). ఆపైన ఆందోళన, దిగులు, నిద్రలేమి. హోంవర్కులో ఒక అక్షరం వంకరపోయిందని పేజీ మొత్తం చెరిపి మళ్లీ మళ్లీ రాసే పిల్లని 'నిదానం ఎక్కువ' అంటాం. కుదురుగా కూర్చోలేని పిల్లాణ్ణి 'అల్లరి' అంటాం. పేరు తప్పు పెట్టాక వైద్యం మాట ఎవరికీ తోచదు.

అన్నిటికంటే ఇంటిని అతలాకుతలం చేసేది కోపం. టిక్ వచ్చేముందు చాలామంది పిల్లలకు ఒంట్లో తుమ్ము వచ్చేముందు ఉండేలాంటి ఒత్తిడి తెలుస్తుంది. నలుగురూ నవ్వుతారని కాసేపు బలవంతాన ఆపుకోగలరు కూడా. అలా రోజంతా ఆపుకోవడంతోనే సత్తువంతా అయిపోతుంది. సాయంత్రం బ్యాగు పడేసి కూర్చున్నవాడికి, చెల్లి రిమోట్ తీసుకుందన్న చిన్న కారణం చాలు. ప్లేటు విసురుతాడు, తలుపుని తంతాడు, అడ్డొచ్చిన అమ్మని కొడతాడు. అరగంట తర్వాత అమ్మ ఒళ్లో తలపెట్టి ఏడుస్తాడు. బడిలో బుద్ధిగా ఉన్నవాడు ఇంట్లో ఇలా చేస్తే, గారాబం వల్లే చెడిపోయాడని చుట్టాలు తల్లినే తప్పుపడతారు. ఇది చాలా అన్యాయం. ఆ కోపం వెనక పెంపకం లోపాన్ని వెతికేముందు అలసటనీ, భయాన్నీ, బడిలో పడిన అవమానాన్నీ వెతకాలి.

దారి లేని జబ్బు కాదిది. టిక్ రాబోతోందని గుర్తుపట్టి, దానికి పొసగని మరో చిన్న పని చేసే అలవాటు నేర్పే శిక్షణ ఉంది. గొంతులో శబ్దం వచ్చేవాళ్లకు ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం నేర్పుతారు. అమెరికాలో 126 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. ఈ శిక్షణ పొందినవాళ్లలో సగం మందికి పైగా మెరుగుపడ్డారు. అవసరమైతే మందులూ ఉన్నాయి. ఆందోళనకీ, ఓసీడీకీ, ఏడీహెచ్‌డీకీ వేరే చికిత్సలున్నాయి. టిక్స్ పెద్దగా ఇబ్బంది పెట్టకపోతే వాటిని వదిలేసి, ముందు వీటినే చూడమంటారు నిపుణులు.

బడి చేయగలిగింది ఇంకా సులువు. శబ్దం వస్తే పట్టించుకోకుండా పాఠం సాగించడం, అడక్కుండానే కాసేపు బయటికి వెళ్లొచ్చే వీలివ్వడం, పరీక్షకి వేరే గది, కాస్త అదనపు సమయం. వీటికి ఖర్చేమీ పెద్దగా ఉండదు. పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. చేతిలో లేని కదలికకి గోడకుర్చీ వేయించడం వేధింపు కాక మరేమిటి?

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కళ్లు ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాడో చెప్పి ఊరుకోకండి. నిద్ర ఎలా ఉంది, దేనికి భయపడుతున్నాడు, బడికి ఎందుకు వెళ్లనంటున్నాడు, కోపం ఎప్పుడొస్తోంది, ఇవన్నీ చెప్పండి. 'చచ్చిపోవాలనుంది' అని ఒక్కసారి అన్నా బెదిరింపుగా కొట్టిపారేయకండి, ఆ రోజే సాయం అడగండి. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. టిక్స్ చాలామందిలో వయసుతో తగ్గుతాయి. చిన్నప్పుడు పడ్డ అవమానం వయసుతో తగ్గదు. దాన్ని ఆపడం మాత్రం పూర్తిగా మన చేతుల్లోనే ఉంది.