చీపురు కర్ర పొడుగెంత?

నిటారుగా కూర్చోండి, గంటకోసారి లేచి నడవండి, మంచి కుర్చీ కొనుక్కోండి. నడుము నొప్పి మీద వచ్చే వ్యాసాలు దాదాపు ఇంతే. కుర్చీ ఉన్నవాళ్లకు పనికొచ్చే సలహాలే, కాదనను. కానీ మన వాడల్లో నడుము నొప్పి కుర్చీలో పుట్టదు. నాటుమడిలో, కలుపు చేలో, మునిసిపాలిటీ రోడ్డు మీద పుడుతుంది.

ముందు శరీరం సంగతి. నడుము కింద గిన్నెలా ఉండే ఎముకల కట్టును కటి అంటాం, డాక్టర్లు పెల్విస్ అంటారు. వెన్నంతా దాని మీదే నిలబడుతుంది. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగితే తొడల వెనక కండరాలు బిగిసి ఆ గిన్నెను వెనక్కి పట్టి లాగుతాయి. అది తిరగాల్సినంత తిరగదు. మిగతా వంపంతా నడుము పూసల మీద, వాటి మధ్య డిస్కుల మీద పడుతుంది. ఒక్క నిమిషమైతే ఏం కాదు. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా, ఇరవై ఏళ్లు వంగితే డిస్కు అరుగుతుంది, పక్కకు జారుతుంది, నొప్పి కాల్లోకి దిగుతుంది. ఆ గిన్నె అడుగునే గర్భసంచినీ మూత్రసంచినీ మోసే కండరాలుంటాయి. కాన్పయిన కొద్ది వారాలకే బరువులెత్తితే అవి సడలిపోతాయి. దగ్గితే మూత్రం పడుతుంది, గర్భసంచి కిందికి జారుతుంది. మన అమ్మలు ఎవరికీ చెప్పుకోని జబ్బులివి. చట్టంలో 26 వారాల ప్రసూతి సెలవుంది. రోజుకూలికి ఎవరిస్తారు?

తర్వాత జరిగేది ఇంకా ఘోరం. నడుము నొప్పి, తెల్లబట్ట అని పోతే 'సంచి తీసేద్దాం' అనే ఆస్పత్రులకు కొదవ లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదికి దగ్గర, తెలంగాణలో ఎనిమిదికి దగ్గర. అన్నీ అనవసరపు ఆపరేషన్లే అనను. కానీ వంగి వంగి వచ్చిన నొప్పి గర్భసంచి తీస్తే పోదు. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. ఆమె మళ్లీ అదే మడిలోకి దిగాలి.

దీన్ని 'తప్పు భంగిమ' అనడానికి నాకు మనసొప్పదు. భంగిమను పనిముట్టు తేలుస్తుంది. పనిముట్టును పని చేయించేవాడు తేలుస్తాడు. అమెరికాలో కాలిఫోర్నియా తోటల్లో మెక్సికన్ కూలీల చేతికి రెండడుగులు కూడా దాటని పారలిచ్చేవాళ్లు. పొడుగు కర్ర ఇస్తే పంట పాడవుతుందని ఆసాములు వాదించారు. అసలు సుఖం వేరే: కూలీ వంగి ఉంటే పని చేస్తున్నట్టు, నిలబడితే ఆపేసినట్టు మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది. (ఈ లెక్క మన ఊళ్లలో గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డవాళ్లకు చెప్పక్కర్లేదు.) కూలీలు కోర్టుకెళ్లారు, డాక్టర్లు సాక్ష్యం చెప్పారు, 1975లో ఆ పారను నిషేధించారు. పంటలేమీ మునిగిపోలేదు.

అక్కడ పార, ఇక్కడ చీపురు. రోడ్లూడ్చే పనిలో ఎక్కువమంది మన ఆడవాళ్లే. పొడుగు కర్ర చీపురు రాకెట్ సైన్సేం కాదు. టెండరు కాగితంలో ఒక్క లైను చాలు: కర్ర ఆమె భుజం ఎత్తు ఉండాలి. దాంతోపాటు కాంట్రాక్టు కార్మికులకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు, పీహెచ్‌సీలో ఫిజియోథెరపిస్టు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు పొద్దున మీ హాస్టల్ ఊడ్చే అక్క చేతిలో చీపురు చూడండి. పొట్టిదైతే వార్డెన్‌కు పదిమంది సంతకాలతో దరఖాస్తు పెట్టండి. నమూనా కావాలంటే అడగండి, రాసిస్తా.