ల్యాబుకు పరీక్ష పెట్టేదెవరప్పా?

"కరువు సీమవాడివి, రొయ్యల గొడవ నీకెందుకయ్యా?" అని అడిగేవాళ్ళకు ముందే చెప్తున్నా. మా ముదిగుబ్బలో పండేది శనక్కాయలే, నిజమే. కానీ మా చిన్నమ్మ కొడుకు బతుకుదెరువుకి కోస్తాకు పోయి ఒక ఆహార పరీక్షల ల్యాబులో చేరాడు. మొన్న పండక్కి వచ్చినప్పుడు వాడు చెప్పిన మాట వల్లే ఈ టపా.

రొయ్యల్లో సాల్మొనెల్లా ఉందో లేదో ల్యాబులు చూస్తాయి. 25 గ్రాముల శాంపిల్‌లో అది అసలు కనపడకూడదు. సరే, ల్యాబు సరిగ్గా చూస్తోందని నమ్మకమేంటి? దానికీ ఒక పరీక్ష ఉంది, ప్రొఫిషియెన్సీ టెస్టింగ్ అంటారు. జవాబు ముందే తెలిసిన శాంపిళ్ళను చాలా ల్యాబులకు పంపి, ఎవరు తప్పారో చూస్తారు. ఎన్ఏబీఎల్ గుర్తింపు కావాలంటే ఇందులో పాల్గొనాల్సిందే. ఆలోచన బంగారం లాంటిదే. అమలులోనే ఉంది చిల్లు.

మావాడి మాటల్లోనే: "అన్నా, ఆ శాంపిల్ వచ్చిన రోజు మా ల్యాబుకు పెళ్ళివారొచ్చినట్టే. సీనియర్ సారే కూర్చుని చేస్తాడు. మామూలు రోజు రొయ్యలు మా చేతికి."

ఇది క్లయింట్ డెమో కాదూ? డెమోలో ఆడింది కాబట్టి ప్రొడక్షన్‌లోనూ ఆడుతుందని మనలో ఎవడైనా నమ్ముతాడా?

పోనీ, లెక్క చూద్దాం. ఉన్న బాక్టీరియాను అయిదుసార్లకు ఒకసారి వదిలేసే ల్యాబు ఉందనుకోండి. బాక్టీరియా ఉన్న శాంపిళ్ళు రెండు పంపితే, రెండూ పట్టేసే అవకాశం 0.8 × 0.8, అంటే 64 శాతం. అంత నాసిరకం ల్యాబు కూడా సగం కన్నా ఎక్కువసార్లు పాసే! పైగా పంపేది చాలాసార్లు ఎండబెట్టిన బాక్టీరియా బిళ్ళ. అసలు సరుకులోనేమో గడ్డకట్టి నీరసించిన బాక్టీరియా, చుట్టూ వేరే సూక్ష్మజీవుల గుంపు. పట్టుకోవడం ఇంకా కష్టం.

ఫెయిలైతే? రిపోర్టులో ల్యాబు పేరుండదు, కోడ్ నంబరే ఉంటుంది. పేర్లు బయటపెడితే ఎవరూ పాల్గొనరట. గుర్తింపుకి తప్పనిసరి చేశాక పాల్గొనక ఎక్కడికి పోతారు?

1997లో ఐరోపా సమాఖ్య మన సముద్ర ఉత్పత్తుల దిగుమతి ఆపేసింది. వాళ్ళకు మన కాగితం మీద అనుమానమొస్తే రేవులోనే సొంతంగా పరీక్ష చేసుకుంటారు. ముదిగుబ్బకు ఐసు పెట్టెలో వచ్చే చేప కొనే మా పెద్దమ్మకు ఏ రేవుంది, ఏ ల్యాబుంది?

నేను అడిగేవి మూడే. శాంపిల్‌ను మామూలు కస్టమర్ సరుకులా, చెప్పకుండా పంపండి. నిజం రొయ్యల్లో, తక్కువ మోతాదులో, ఎక్కువసార్లు పంపండి. తప్పినవాళ్ళ పేర్లు చెప్పండి.

ఖర్చంటారా? బగ్ ప్రొడక్షన్‌లో దొరికితే ఎంతవుతుందో మీకు నేను చెప్పాలా! తిట్టేవాళ్ళు తిట్టండి, కాకపోతే నా లెక్కలో తప్పు చూపించి తిట్టండి.