మేము చదివిన నవలలు

మన చిత్తూరు సీమ రచయితల నవలలలో ఇల్లాండ్రు చదువదగిన వేవియని కొందఱు మమ్మడుగుచున్నారు. అందుచేత నీ నెల డాక్టరు కేశవరెడ్డిగారి నవలలు మూడు చదివితిమి. మాకు తోచినది దాపఱికము లేక విన్నవించుచున్నాము.

కేశవరెడ్డిగారు 1946లో చిత్తూరు జిల్లా తలుపులపల్లెలో జన్మించిరి. వైద్యులై, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠరోగులకు చిరకాలము సేవచేసి, 2015లో కీర్తిశేషులైరి. కాపుర మెచ్చటనున్నను, వారి కలము పుట్టినగడ్డను విడువలేదు.

మొదటిది ‘అతడు అడవిని జయించాడు’. పందులను మేపుకొను నొక ముసలివాడు, ఈనుటకై అడవిలోనికి పోయిన తన పందిని వెదుకుచు నొక్క రాత్రి గడుపుటయే కథ. పందుల కథయా యని మేమును మొదట మొగము చిట్లించుకొంటిమి. పది పుటలు చదువునప్పటికి సిగ్గుపడితిమి. ప్రసవించినదానిని కాచుటకు రాత్రియెల్ల మేలుకొనుట యెట్టిదో మన మెఱుగనిదా? అక్కడక్కడ ముసలివాని తలపులలో గ్రంథకర్త పాండిత్యము తొంగిచూచును. అదొక్కటే మాకు రుచింపలేదు.

రెండవది ‘మూగవాని పిల్లనగ్రోవి’. ఒంటిల్లను పల్లెలో భూమిని పోగొట్టుకొనిన బక్కిరెడ్డి కథ యిది. వానలకై మొగమెత్తి చూచు సీమలో అప్పుపత్రముపై చేవ్రాలు మగవానిదే కావచ్చును. కుదువకు పోవునవి యిల్లాలి నగలే. మన జిల్లా తల్లులకిది పరాయి యింటి కథవలె తోపదు. కన్నీరు రాక మానదు గనుక, మనసు కుదురుగానున్న దినమున చదువుడు.

మూడవది ‘మునెమ్మ’. 2008లో పుస్తకముగా వెలువడినది. దీనిపై పాఠకులలో తీవ్రమగు వాదములు జరిగినవి. మా యింట నీ పుస్తకమును జూచి యొక పెద్దామె, “ఆడపిల్లలు తిరుగు చోట దీని నుంచకుము తల్లీ” యనెను. చదివిన పిమ్మట ఆమెకు మే మిచ్చిన సమాధానమే మీకును చెప్పుదుము.

మునెమ్మ మగడు అనుమానముతో ఇంటి గిత్తను హింసించి, దానిని అమ్మబోయి, హతుడగును. ఆమె యా గిత్తను వెంటబెట్టుకొని హంతకులను వెదకుచు బయలుదేఱును. ఆమె ధైర్యమును, నడకలోని నిబ్బరమును మెచ్చని స్త్రీ యుండదు. గిత్తకు ఆమెకు నడుమ గ్రంథకర్త సూచించిన బంధము కొందఱికి వెగటు కలిగింపవచ్చును. మా యాక్షేపణ యది కాదు. తన్ను శంకించిన మగనికొఱకు పగ తీర్చుకొన బయలుదేఱిన యామె, తనకు జరిగిన యవమానమును గూర్చి తనలో దానైనను ఏమనుకొనెనో మాకు విన నాసక్తి. ఆ మాట తృప్తిగా వినబడలేదు. పగ మగనిదైనది; గాయము మాత్రము మునెమ్మవద్దనే మిగిలిపోయినది.

అట్లని పుస్తకమును దాచవలదు. పెండ్లీడు వచ్చిన కూఁతునకు చదువనిచ్చి, అనుమానించు మగని విషయమున నీవేమందువని యడుగుడు. మందలింపులతో రాని మాట లా రాత్రి తల్లీకూఁతుండ్ర నడుమ వచ్చును.

ఇంకొక్క మాట. ఈ నవలల సంభాషణలలో మన పల్లెల నుడికారము చెవిని సోకును. “మా మాట మోటు” అని పట్టణపు బంధువులయెదుట తల వంచుకొను మన చెల్లెండ్రు దానిని చదివి తల యెత్తుకొందురు గాక!