డాక్టరు సలహా: వంటింట్లో కారు మైనం కాయవచ్చునా?

ప్రశ్న: మావారు సొంత కారు అద్దెకు తిప్పుతారు. పట్టిసీమకూ, ప్రాజెక్టు చూడటానికీ వచ్చేవాళ్ళను రాజమండ్రి నుంచి తీసుకువస్తూ ఉంటారు. కారు అద్దంలా మెరవాలని ఆయన పట్టుదల. బజారులో దొరికే రెండు మూడు రకాల మైనం డబ్బాలు, సంతలో కొన్న తేనెమైనం, కొవ్వొత్తి ముక్కలు గిన్నెలో వేసి, టర్పెంటైను, కొంచెం కిరోసిన్ పోసి గ్యాసుపొయ్యి మీద కరిగిస్తారు. ఎండాకాలానికి ఒక పాళ్ళు, వానాకాలానికి ఇంకో పాళ్ళు. మూడు నెలలుగా ఆయన చేతులు పగిలి, వేళ్ళ సందుల్లో ఒకటే దురద. మందుల షాపులో ఇచ్చిన ఆయింటుమెంటు రాస్తే నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తోంది. ఆ పని చేసిన రోజున నాకు తలనొప్పి, వికారం. మిగిలిన టర్పెంటైను కూల్‌డ్రింకు సీసాలో పోసి వంటగట్టు కింద పెడతారు. మాకు రెండున్నరేళ్ళ బాబు ఉన్నాడు. నేను చెబితే "ఏమీ కాదులే" అంటారు. మీరు రాస్తే వింటారు.
— ఒక సోదరి, పోలవరం

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. ఈ జవాబు పూర్తిగా చదివేలోగా ఆ కూల్‌డ్రింకు సీసాను అక్కడి నుంచి తీసివేయండి. మీరు అడిగిన నాలుగు సంగతుల్లో ప్రాణం మీదికి వచ్చేది అదే. మిగిలినవి వరసగా చెబుతాను.

మీవారి ఆలోచనలో తెలివి లేకపోలేదు. తేనెమైనం సుమారు 62 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. కారు పాలిష్‌లలో వాడే కార్నౌబా మైనం బ్రెజిలు దేశంలోని ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. అది 80 డిగ్రీలు దాటితేగాని కరగదు, కనక గట్టిగా నిలుస్తుంది. మెత్తనిది పూయడానికి సులువు, గట్టిది ఎండకు ఓర్చుకుంటుంది. రెండూ కలపాలన్న ఆశ అందుకే పుడుతుంది. పూర్వం చెక్కపడవల అతుకులకు గుగ్గిలం, నూనె కాచి పూసిన గోదావరి ఒడ్డువారికి ఇటువంటి పని వింత కూడా కాదు. కాని ఆ పని ఆరుబయట ఇసుకలో జరిగేది, వంటింట్లో కాదు.

నిప్పు సంగతి: టర్పెంటైను నుంచి నిప్పు అందుకోగల ఆవిరి లేవడానికి సుమారు 35 డిగ్రీల వేడి చాలు. మే నెలలో మన గోదావరి తీరాన ఎండే 40 డిగ్రీలు దాటుతుంది. అంటే పొయ్యి ఎక్కించకముందే అది ప్రమాదంలో ఉన్నట్టు. అటువంటి దాన్ని 80 డిగ్రీల మైనంలో పోస్తే ఆవిరి ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే నాలుగు రెట్లకు పైగా బరువు. కిందికి దిగి, నేల మీద పాకుతూ పోయి, దూరాన ఉన్న దేవుడి దీపాన్నయినా అందుకోగలదు. "పొయ్యి ఆర్పి కలుపుతాను" అన్నంత మాత్రాన సరిపోదు. బజారు డబ్బాల్లో చాలావాటిలో ఇటువంటి ద్రావకాలే ఉంటాయి కనక వాటిని వేడి చేయడమూ ఇంతే.

మైనం అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. మూకుడులో మండుతున్న నూనె మీద నీళ్ళు పోస్తే ఎలా చిమ్ముతుందో ఇదీ అలాగే చిమ్ముతుంది. చేతికందేలా ఉంటే పొయ్యి కట్టివేసి, గిన్నె మీద మూత జరపండి. గిన్నెను చేత్తో ఎత్తి బయటికి పరుగెత్తవద్దు. మంట అదుపు తప్పితే అందరూ బయటికి వచ్చేయండి.

కరిగిన మైనం ఒంటి మీద పడితే 20 నిమిషాలపాటు కుళాయి కింద పెట్టండి. గాజులు, ఉంగరాలు వెంటనే తీసివేయండి. చర్మానికి అంటుకున్న మైనాన్ని పెరకవద్దు, తోలు ఊడి వస్తుంది. సిరా, టూత్‌పేస్టు, కాఫీపొడి, మంచుగడ్డ ఏవీ వద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

చేతుల సంగతి: టర్పెంటైను, కిరోసిన్ చర్మంలో ఉండే సహజమైన జిడ్డును లాగివేస్తాయి. తోలు ఎండి పగులుతుంది. పైగా టర్పెంటైను కొందరి ఒంటికి పడదు. ఒకసారి పడకపోవడం మొదలైతే తరవాత కొద్దిపాటి తాకిడికే దురద, పొక్కులు వస్తాయి. మీవారు రెండు వారాలు దాన్ని ముట్టకుండా ఉండి చూడాలి. తగ్గుముఖం పడితే కారణం చాలావరకు తెలిసినట్టే.

చేతులు మామూలు సబ్బుతో, నీళ్ళతో కడుక్కోవాలి. పెట్రోలుతో కడుక్కునే అలవాటు ఉంటే మానివేయాలి. రోజుకు మూడు నాలుగుసార్లు వేజలీను గాని కొబ్బరినూనె గాని రాసుకోవచ్చు. షాపులో చెప్పకుండా ఇచ్చే ఆయింటుమెంటులలో చాలావాటిలో స్టెరాయిడు ఉంటుంది. కారణం పోకుండా అది రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. ఎక్కువకాలం వాడితే చర్మం పలచబడుతుంది. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించి, ఆయన చెప్పిన మందు చెప్పినన్ని రోజులే వాడాలి.

మీ తలనొప్పి, వికారం ఆ ఆవిరి వల్లనే కావచ్చును. పని లేని రోజుల్లో రాకపోతే అదే కారణమనుకోవచ్చు. నేలబారుగా చేరే ఆవిరిని ఎక్కువగా పీల్చేది నేల మీద ఆడుకునే బాబు అని గుర్తుంచుకోండి.

బాబు సంగతి: రెండున్నరేళ్ళ పిల్లవాడు సీసా రూపాన్ని చూస్తాడుగాని వాసన చూడడు. టర్పెంటైను 15 మిల్లీలీటర్లు, అంటే మూడు చెంచాలు, పసివాళ్ళ ప్రాణం తీసిన సందర్భాలు వైద్యగ్రంథాలలో ఉన్నాయి. మత్తు, ఫిట్సు రావచ్చు. కిరోసిన్‌తో అసలు ప్రమాదం పొట్టలో కాదు, ఊపిరితిత్తులలో. అది పలచని ద్రవం కనక మింగేటప్పుడో, వాంతి అయ్యేటప్పుడో ఊపిరిగొట్టంలోకి జారి న్యుమోనియా తెస్తుంది.

కనక పిల్లవాడు తాగాడని అనుమానం వస్తే గొంతులో వేలు పెట్టి కక్కించవద్దు. ఉప్పునీళ్ళు, పాలు, కొబ్బరినూనె పట్టవద్దు. తడిసిన బట్టలు విప్పి ఒళ్ళు సబ్బుతో కడగండి. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపొండి, లేదా 108కి ఫోను చేయండి. "బాగానే ఆడుకుంటున్నాడు గదా" అని ఇంట్లో ఉంచుకోకూడదు. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తరవాత మొదలు కావచ్చు. కనీసం ఆరు గంటలు డాక్టర్ల కళ్ళెదుట ఉండటం మంచిది.

మరి కారు మెరవవద్దా? మెరవవచ్చు. రెండు రకాల మైనం కావాలంటే వాటిని పొయ్యి మీద కలపనవసరం లేదు. ఒకటి పూసి, ఆరి, తుడిచిన తరవాత రెండోది దాని మీద పూయవచ్చు. ఆ పని ఆరుబయట, నీడలో చేయాలి. చేతికి నైట్రైలు గ్లవ్స్ వేసుకోవాలి. మామూలు పలచని రబ్బరు గ్లవ్స్‌లోంచి ద్రావకాలు లోపలికి దిగుతాయి. మిగిలినది సొంత డబ్బాలోనే, పేరు కనబడేలా ఉంచి, తాళం వేయాలి. తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూలన పడేయకండి. అవిసెనూనె వంటివి అంటిన గుడ్డలు వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. బయట విడివిడిగా ఆరవేయాలి. ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడవద్దు.

ప్రశ్న: టర్పెంటైను వాసన పోవడానికి నేను కారు మైనంలో ముద్దకర్పూరం కలుపుతున్నాను. అది దేవుడికి వాడేదే గదా, ప్రమాదం లేదు గదా?
— ఒక పాఠకుడు, కొవ్వూరు

జవాబు: హారతికి వాడినంత మాత్రాన తినదగినది కాదు. కర్పూరం ఒక గ్రాము లోపే పసివాళ్ళకు ఫిట్సు తెప్పించగలదు, అదీ నిమిషాల మీద. మంట కూడా తేలికగా అందుకుంటుంది. టర్పెంటైను వాసన మనకు హెచ్చరిక వంటిది. దాన్ని కప్పిపుచ్చితే ఎంత ఆవిరి పీలుస్తున్నామో తెలియదు. కర్పూరానికి బదులు కలరా ఉండలు వేద్దామనుకుంటారేమో, అవి మరీ వద్దు. జి-6-పి-డి అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్నవాళ్ళకు వాటివల్ల రక్తకణాలు చితికి కామెర్లు రావచ్చు.

ప్రశ్న: రెండు రకాల మెరుపు స్ప్రేలు ఒకే సీసాలో కలిపి, షెడ్డు తలుపులు వేసి కారుకు కొట్టాను. గంటలో దగ్గు, ఛాతీ బిగుతు. మర్నాటికి తగ్గింది. మళ్ళీ చేయవచ్చునా?
— ఒక యువకుడు, రాజమండ్రి

జవాబు: చేయవద్దు. చేత్తో పూసేది చర్మం దగ్గర ఆగుతుంది. స్ప్రే తుంపరలు ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. నీరు అంటకుండా చేసే పూతలు అక్కడి పలచని పొరను దెబ్బతీయవచ్చు. 2006 మార్చిలో జర్మనీలో అద్దాలకు, స్నానాలగదుల పలకలకు వాడే ఒక స్ప్రే వల్ల సుమారు వందమంది దగ్గు, ఆయాసంతో బాధపడ్డారు. కొందరికి ఊపిరితిత్తులలో నీరు చేరింది. మీకు తగ్గడం సంతోషమే గాని ఒకసారి ఛాతీ పరీక్ష చేయించుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఈ స్ప్రేల జోలికి పోకూడదు. ఇక ముందు గుడ్డ మీద పోసి తుడిచే రకమే, ఆరుబయటే వాడండి.

పోలవరం సోదరికి ఇంకొక్క మాట. ఈ పేజీ మీవారికి చూపించండి. ఆయన పనితనాన్ని నేను తప్పుపట్టడం లేదు. పొయ్యినీ, సీసానూ మాత్రమే మార్చుకోమంటున్నాను. చేతులు రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరకు స్వయంగా వెళ్ళమనండి.