పట్టికలను ప్రశ్నించు విద్య

సిరిసిల్లలో మరమగ్గము నొద్ద నిలువక నేత నేర్చినవారు లేరు. కంప్యూటరునందలి పట్టికలను ప్రశ్నించు విద్యయు నట్టిదేయని మా యభిప్రాయము. దీనిని వల్లించి పరీక్ష నెగ్గవచ్చును గాని, చేసిచూడక నేర్వజాలము.

1970వ సంవత్సరమున ఐ.బి.యం. సంస్థయందు పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ పండితుడు, సమాచారమును వరుసలు, గడులు గల పట్టికలుగా నుంచు పద్ధతిని ప్రతిపాదించెను. 1974లో ఆ సంస్థవారే యైన ఛాంబర్లిన్, బాయిస్ అనువారు ఆ పట్టికల నడుగుట కొక భాషను ప్రకటించిరి. నేడు ఎస్.క్యు.ఎల్. అనబడునది యదియే. అందలి ముఖ్యపదములు కొలదియే. ఒక సాయంకాలమున కంఠస్థము చేయవచ్చును. చిక్కంతయు నటుపిమ్మట నున్నది.

మన యూళ్ల పేర్లనే చూడుడు. ఇంగ్లీషున సిర్సిల్లా, సిరిసిల్ల యనియు, జగ్తియాల్, జగిత్యాల యనియు, కోరుట్ల, కోరట్ల యనియు పలువిధముల వ్రాయుచున్నారు. మనకవి యొక్క యూరే. యంత్రమునకు వేర్వేరు ఊళ్లు. ఒక పట్టికలో పనివారి పేర్లును, వేరొకదానిలో వారికి రావలసిన కూలియు నున్నవనుకొందము. పేరును ఊరును బట్టి రెంటిని జతపరచుమన్నచో, అక్షరము కుదరని వరుసలు చప్పుడు లేక జారిపోవును. దానితో నొక కుటుంబపు కూలియు జారిపోవును. యంత్రము తప్పని చెప్పదు. మన మడిగినదానికి జవాబిచ్చి యూరకుండును.

ఖాళీగడి సంగతియు నిట్టిదే. ఇద్దరికి 40, 60 మార్కులు వచ్చి మూడవవాడు పరీక్షకు రానిచో, వాని గడి ఖాళీగా నున్నయెడల సరాసరి 50 వచ్చును. సున్న వ్రాసినయెడల దాదాపు 33 వచ్చును. ఏది న్యాయమో మనుష్యుడే నిర్ణయింపవలెను.

ఇవి పుస్తకమున జదివినంత మాత్రమున మనసున నాటవు. కావున పాఠశాల గ్రంథాలయపు రిజిష్టరునుండి యిరువది వరుసలు తీసికొని పట్టిక కట్టుడు. ఏ పుస్తక మెన్నిమారులు పోయినదో ముందు చేతితో లెక్కించి కాగితముపై వ్రాయుడు. పిదప యంత్రము నడుగుడు. రెండును కుదరనిచో కారణము కనుగొనువరకు విడువకుడు. 2000లో రిచర్డ్ హిప్ వెలువరించిన ఎస్.క్యు.లైట్ ఉచితము, ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయును. కంప్యూటర్లు చాలనిచో ఇద్దరి కొకటి చాలును. ఒకరు అడుగగా నొకరు సరిచూడవచ్చును.

పరీక్షలో రానిదాని కింత శ్రమ యేలయని కొందరు తల్లిదండ్రు లడుగవచ్చును. 2014 ఆగస్టు 19న తెలంగాణమందలి యిండ్ల వివరములు ఒక్క దినమున సేకరింపబడినవి. భూముల వివరములు 2020లో ధరణియందును, 2025నుండి దాని స్థానమున వచ్చిన భూభారతియందును చేరినవి. ఇల్లు, పొలము, కూలి సర్వమును పట్టికల కెక్కుచున్న యీ కాలమున, వానిని సరిగా నడుగనేర్చినవారు మన యూళ్లలోనే యుండుట మేలు కాదా?

ఉపాధ్యాయులు వారమున కొక గంట యిందులకు కేటాయింపుదురు గాక. విద్యార్థులారా, మీరు సెలవులవరకు వేచియుండక మొదటి పట్టికను నేడే కట్టుడు.