ఈ వెన్నెల జోలపాట కాదు

ఫోనులో పాటలు వినిపించే ఏ యాప్ తెరిచినా ‘నిద్రకు’, ‘ధ్యానానికి’, ‘చదువు మీద మనసు నిలవడానికి’ అని పేర్లు పెట్టిన జాబితాలు ఎదురవుతున్నాయి. ఫ్రెంచి స్వరకర్త క్లోద్ దెబ్యుసీ రాసిన ‘క్లేర్ ద ల్యూన్’ (వెన్నెల) లేని జాబితా వాటిలో అరుదు. దాని కింద వాన చప్పుడు కలుపుతారు, నడక ఇంకా నెమ్మది చేస్తారు, గంటల తరబడి తిప్పి తిప్పి వినిపిస్తారు. పామరుల సంగతి అలా ఉంచితే, పండితులమనుకునేవాళ్ళ మాట అంతకంటే అన్యాయంగా ఉంది. ఫ్రెంచి ఇంప్రెషనిస్టు పియానో సంగీతమంటే పొగమంచట, నీటి మీద తళుకట, అంచుల్లేని రంగు మరకట. బీతోవెన్‌లో ఉండే కట్టుబాటు అందులో ఉండదట. పెడల్ తొక్కిపెట్టి వేళ్ళు మెత్తగా ఆడిస్తే చాలట. నిద్రమందుగా అమ్మేవాళ్ళూ, మరకగా వర్ణించేవాళ్ళూ చేస్తున్నది ఒకే పని. పియానో కోసం రాసినవాటిలోకెల్లా కచ్చితమైన సంగీతాన్ని, వేలి కొసకూ చెవికీ అత్యంత కఠినమైన పరీక్ష పెట్టే సంగీతాన్ని, వినకుండానే పక్కకు నెట్టేస్తున్నారు.

ముందు ఇంప్రెషనిజం అన్న ఆ పేరు సంగతి తేల్చాలి. 1874లో పారిస్‌లో చిత్రకారుడు మోనే సూర్యోదయ చిత్రాన్ని చూసి ఒక పత్రికా విమర్శకుడు వెక్కిరింపుగా వాడిన మాట ఇది. పదమూడేళ్ళ తర్వాత, రోమ్ బహుమతి గెలిచిన యువకుడు దెబ్యుసీ అక్కడి నుంచి పంపిన ‘ప్రెంతాం’ అనే రచన మీద ఫ్రెంచి లలితకళల అకాడమీ పెద్దలు ఇదే మాటను తీర్పులా విసిరారు. అస్పష్టమైన ఇంప్రెషనిజం నుంచి జాగ్రత్తగా ఉండమని 1887లో హెచ్చరించారు. ఆ తిట్టును తర్వాతి తరాలు బిరుదుగా మార్చి ఆయన మెడలో వేశాయి. ఆయన మాత్రం దాన్ని ఒప్పుకోలేదు. 1908లో తన ప్రచురణకర్త జాక్ ద్యురాంకు రాసిన ఉత్తరంలో, తాను వాస్తవాల వంటివాటిని సాధించడానికి ప్రయత్నిస్తున్నానని, మూర్ఖులు దానికి ఇంప్రెషనిజమని పేరు పెడుతున్నారని మండిపడ్డాడు. వాడుకలో స్థిరపడింది కాబట్టి ఈ వ్యాసంలోనూ ఆ మాటే వాడక తప్పలేదు. కానీ ఇంప్రెషన్ అంటే మన భాషలో ముద్ర. అంచు చెదిరితే ముద్ర పడదు, మరక పడుతుంది. పేరు పెట్టినవాళ్ళూ, పేరు మోస్తున్నవాళ్ళూ ఆ తేడాను పట్టించుకోలేదు.

సరే, అందరూ నిద్రకు వాడుకునే ఆ ముక్కనే చూద్దాం. ‘సూయిత్ బెర్గమాస్క్’లో మూడో భాగం ‘క్లేర్ ద ల్యూన్’. 1890 ప్రాంతంలో మొదలుపెట్టిన ఈ సంపుటం 1905లో గాని అచ్చుకాలేదు. మొత్తం 72 బార్లు, అంటే తాళపు ఆవర్తాలు. మొదటి బార్‌లో మొదటి మాత్ర మీద ఏ స్వరమూ లేదు. పాట మౌనంతో మొదలవుతుంది. వినేవాడి కాలు తాళం వేద్దామనుకునే చోట దెబ్యుసీ ఖాళీ పెట్టి, ఆ తర్వాత స్వరాల జంటను నిలిపి, బార్ గీత దాటించి లాగుతాడు. మూడేసి మాత్రలతో తిశ్రంలో నడుస్తున్న చోట ఉన్నట్టుండి మూడింటి కాలంలో రెండే స్వరాలు పడతాయి. వాయించేవాడు లోపల తొమ్మిది మాత్రలూ లెక్కపెడుతూ ఉంటే తప్ప ఆ రెండు స్వరాలు తేలినట్టు వినిపించవు, కుంటుతున్నట్టు వినిపిస్తాయి. లయలో స్వేచ్ఛ తీసుకోమని ఆయన అనుమతించేది 15వ బార్ దగ్గర. ఇప్పటి వాయింపుల్లో ఆ స్వేచ్ఛ మొదటి బార్ నుంచే మొదలవుతోంది. సాగదీసి సాగదీసి, ఏ స్వరం ఎంతసేపు ఉండాలన్న లెక్క పూర్తిగా పోగొట్టి, ఆ పోగొట్టడాన్నే భావుకత అంటున్నారు. నియమం వినబడని చోట దాని నుంచి విడుదల ఎలా వినబడుతుంది?

ఇక పెడల్. ఈ సంగీతానికి జరిగిన ద్రోహాల్లో సగం ఆ కుడికాలి కిందే జరిగాయి. దెబ్యుసీ తన పియానో రచనల్లో పెడల్ గుర్తులు దాదాపు వేయలేదు. వేయలేదంటే ఎలా తొక్కినా ఫరవాలేదని అర్థం చెప్పుకున్నవాళ్ళు ఎందరో! అసలు కుడి పెడల్ చేసే పనేమిటి? తీగల మీద ఆనుకుని మోతను ఆపే ఉన్ని మెత్తలను, డాంపర్లను, ఒక్కసారిగా పైకి లేపుతుంది. అప్పుడు కొట్టిన తీగతో పాటు కొట్టని తీగలూ సన్నగా మోగుతాయి. పూర్తిగా తొక్కి ఉంచితే అన్నీ కలిసి ముద్దవుతాయి. దెబ్యుసీ పుటల్లో ఏముంటుందంటే, మంద్రంలో ఒక స్వరం నాలుగైదు బార్ల పాటు నిలవాలి. చెయ్యి మాత్రం అక్కడ ఉండదు, పైన ఇంకెక్కడో పని చేస్తుంటుంది. ఆ పైన స్వరాల పొందిక బార్ బార్‌కీ మారిపోతుంది. కింది మోత చావకూడదు, పైది కలగాపులగం కాకూడదు. ఎంచుకున్న స్వరాలను మాత్రమే పట్టి ఉంచే మధ్య పెడల్ ఆ కాలపు ఫ్రెంచి పియానోలకు సాధారణంగా ఉండేది కాదు. కాబట్టి దారి ఒక్కటే. పెడల్‌ను సగమో పావో వదిలి వెంటనే మళ్ళీ తొక్కాలి. డాంపర్ క్షణకాలం తీగకు తాకితే పైస్థాయిలోని సన్నని తీగలు నోరు మూసుకుంటాయి. రాగి చుట్టిన మంద్రపు లావు తీగలు ఆ తాకిడికి ఆగక మోగుతూనే ఉంటాయి. ఇంత సున్నితమైన యంత్రజ్ఞానం మీద నడిచే పాదాన్ని పట్టుకుని ‘తొక్కిపెట్టండి, మంచు కమ్ముతుంది’ అని నేర్పేవాళ్ళను ఏమనాలి?

పొగమంచు అనే మాటకు ఆయనే జవాబు చెప్పాడు. ప్రెల్యూడ్లనే చిన్న పియానో ముక్కల రెండో సంపుటంలో మొదటిదానికి ‘బ్రుయ్యార్’ అని పేరు, అంటే పొగమంచులే. అది మొదలయ్యే చోట ఎడమ చెయ్యి తెల్లమెట్ల మీద నిబ్బరంగా మూడేసి స్వరాల గుత్తులు వేస్తుంటే, కుడి చెయ్యి ఎక్కువగా నల్లమెట్ల మీద వేగంగా అల్లుతుంది. విడివిడిగా రెండూ స్పష్టమే. రెండు స్పష్టతలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు చెవి తడబడుతుంది; ఆ తడబాటే మంచు. రెండు పొరలనూ మసక చేసి వాయిస్తే మంచు పుట్టదు, మురికి నీళ్ళు వినిపిస్తాయి. మన సంగీతం విన్న చెవికి ఈ విషయం ఇంకొంచెం త్వరగా అందాలి. 1903 నాటి ‘ఎస్తాంప్’లో మొదటి ముక్క ‘పగోద్’ మొదలయ్యేది ఐదు స్వరాలతో. ఆ స్వరస్థానాలు అచ్చంగా మన మోహనవి. 1889 పారిస్ ప్రదర్శనలో జావా గమెలాన్ వాద్య బృందాన్ని విన్న ప్రభావం అది. అలాగని దాన్ని మోహన రాగం అనకూడదు. మోహనకు ప్రాణం గమకంలో ఉంది. పియానో మెట్టుకు గమకం లేదు. సుత్తి తీగను కొట్టిన మరుక్షణం నుంచీ మోత తగ్గిపోవడమే తప్ప దాన్ని ఊపడానికీ జార్చడానికీ వీల్లేదు. గమకం లేని వాద్యంలో స్వరానికి జీవం ఎక్కడి నుంచి తేవాలి? మెట్టును ఎంత లోతుకు, ఎంత వేగంతో నొక్కుతున్నామన్న దాంట్లోంచి, పక్క స్వరానికీ దీనికీ మధ్య బరువు తేడాలోంచి తేవాలి. ఒకే చేతిలో నాలుగు స్వరాలు ఒకేసారి పడుతుంటే, అందులో మూడో వేలి స్వరం మాత్రమే ముందుకు రావాలి. పియానోకు సుత్తులున్న సంగతి మరిపించాలన్నది దెబ్యుసీ మాటగా ప్రసిద్ధం. దాన్ని చూపించి ‘అందుకే మెత్తగా వాయించమన్నాడు’ అంటారు. సుత్తులతో నిండిన పెట్టెలో సుత్తులు లేవనిపించాలంటే ప్రతి సుత్తీ వాయించేవాడి అదుపులో ఉండాలి. మెత్తదనం ఆ అదుపుకు ఫలితం. దాన్నే పద్ధతిగా పట్టుకుంటే మెట్టు పలకనే పలకదు.

నెమ్మదితనం మోజు ఎంత దూరం తీసుకుపోయిందో చెప్పడానికి ‘లా కతెద్రాల్ ఆంగ్లూతి’ చాలు. బ్రిటనీ తీరంలో సముద్రం ముంచేసిన చర్చి గురించిన కథ నేపథ్యంగా ఉన్న ప్రెల్యూడ్ అది. అచ్చు ప్రతిలో ఒక సూచన లోపించింది. ఉన్నది ఉన్నట్టు వాయిస్తే నడుమ పెద్ద భాగం సగం వేగానికి పడిపోతుంది. 1913లో దెబ్యుసీ స్వయంగా వాయించగా వెల్టే కంపెనీ, వాయింపును నమోదు చేసే కాగితపు రోలు మీదికి ఎక్కించిన ప్రతిలో ఆయన ఆ భాగాలను రెట్టింపు వేగంతో నడిపాడు. సాక్ష్యం అంత స్పష్టంగా ఉన్నా ఈడ్చుకుంటూ వాయించే అలవాటు పోలేదు, దానికి ‘ధ్యానస్థితి’ అని పొగడ్త ఒకటి. అచ్చులో జరిగిన పొరపాటుకు ఆధ్యాత్మికత అంటగట్టారు.

కట్టడం లేదనేవాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ‘జార్దాం సు లా ప్ల్యూయి’ ప్రూఫులు దిద్దుతూ దెబ్యుసీ ఒక బార్ తప్పిపోయిందని గమనించాడు. అది తన రాతప్రతిలోనే లేదని ఒప్పుకుంటూ, లెక్క రీత్యా అక్కడ ఒక బార్ ఉండి తీరాలని 1903లో ద్యురాంకు రాశాడు. మరకలు పూసేవాడు బార్లు లెక్కపెట్టడు. ‘వ్వాల్’ (తెరచాపలు) అనే ప్రెల్యూడ్‌లో మొత్తం 64 బార్లుంటే, నడుమ ఆరు బార్లు మాత్రమే ఐదు స్వరాల వరుసలో వస్తాయి. మిగతా దాదాపు అంతా సమాన దూరాల ఆరు స్వరాల మీద నడుస్తుంది. మంద్రంలో ఒకే స్వరం ఐదో బార్ నుంచి చివరిదాకా మోగుతుంది. ఆ ఆరు బార్లూ ఒక్కసారి తెరచాపలో గాలి నిండినట్టు ఎందుకుంటాయో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

దెబ్యుసీతో పాటు ఇంప్రెషనిస్టుగా పేరుపడ్డ ఫ్రెంచి స్వరకర్త రావెల్ దగ్గరికి వస్తే ఈ జాబితాలు కట్టేవాళ్ళ మోసం బయటపడుతుంది. ఆయన రాసిన ‘గస్పార్ ద లా న్వీ’ (1908) వాటిలో పూర్తిగా దొరకదు. దొరికే వీల్లేదు. రష్యన్ స్వరకర్త బాలకిరెవ్ రాసిన ‘ఇస్లామే’ కంటే కష్టమైనది రాయాలన్న పట్టుదలతో ‘స్కార్బో’ అనే మూడో భాగం రాశాడాయన. అయినా నా దృష్టిలో ఆ మూడింటిలో భయంకరమైన పరీక్ష మొదటిదైన ‘ఒందీన్’ మొదటి పుటే. కుడి చెయ్యి ఒకే గుత్తిని, దాని పక్కన వణికే ఒక్క స్వరంతో కలిపి, అతి వేగంగా, అత్యంత సన్నగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా వాయిస్తూ ఉండాలి; దాని కింద ఎడమ చెయ్యి పాట పాడాలి. గట్టిగా వేగంగా వాయించేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. ఆ సన్నని మోతలో ప్రతి మెట్టూ పలకాలంటే ఏళ్ళు పడుతుంది. ఇక రెండోది ‘ల గిబే’, ఉరికంబం. 52 బార్ల పొడవునా ఒకే స్వరం గంటలా మోగుతుంది, ఒక్కసారీ ఆగదు. తొందరపడవద్దు, చివరిదాకా నెమ్మదించనూ వద్దు అని రావెల్ పుట మీదే రాశాడు. ఈ ముక్కలను మొదట వేదిక మీద వాయించిన రికార్దో విన్యెస్ ‘ల గిబే’ను రావెల్ కోరిన కాలప్రమాణంలో వాయించడానికి ఇష్టపడలేదు, జనానికి విసుగు పుడుతుందని ఆయన భయం. అంతటి మిత్రుడితో కూడా రావెల్ ఆ విషయంలో రాజీ పడలేదు. ‘తోంబో ద కూప్రాం’ అనే మరో రచనలో ఒక్కో భాగాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన స్నేహితులకు అంకితమిచ్చాడు. ఈ సంగీతం మనసుకు హాయి అని సంక్షిప్తంగా తేల్చేవాళ్ళు ఆ పేర్లయినా చదవాలి.

పేర్లలోనే వెన్నెల, నీళ్ళు, అద్దాలు ఉన్నాయి కదా, ఊహించుకుంటే తప్పేమిటి అంటారు. దెబ్యుసీ ఇరవైనాలుగు ప్రెల్యూడ్లకూ పేర్లను ముక్క చివర, బ్రాకెట్లలో, చుక్కల తర్వాత వేశాడు. ముందు విను, తర్వాత చూడు అన్నదే అక్కడి క్రమం. గదిలో సామానులా పడి ఉండే సంగీతాన్ని ఫ్రెంచివాళ్ళే ప్రతిపాదించారు కదా అని మరో వాదన. ఆ ప్రతిపాదన స్వరకర్త ఎరిక్ సతీది. 1920లో ఆయన దాన్ని వినిపిస్తూ, పట్టించుకోకుండా మాట్లాడుకోండని జనాన్ని బతిమాలితే వాళ్ళు మాటలు మాని కూర్చుని విన్నారు. ఎవరిష్టం వారిది, ఎలా వింటే నీకేం అనే మాటకు జవాబు చెప్పాల్సిన పని లేదు. పడుకోవడానికి వాడేది వినడం కింద రాదు.

మరి ఎలా నేర్వాలి, ఎలా వినాలి? పూర్తి పద్ధతి ఇక్కడ చెప్పడానికి చోటు చాలదు. దెబ్యుసీ 1915లో, యుద్ధం మధ్య, జబ్బుతో ఉండి రాసిన పన్నెండు ఎత్యూద్‌లలో (అభ్యాస రచనల్లో) ఏ వేలు ఎక్కడ వేయాలో ఒక్క గుర్తూ పెట్టలేదు. ఎవరి వేళ్ళు వాళ్ళే వెతుక్కోవాలని ముందుమాటలో కారణం చెప్పాడు. నేర్పేవాళ్ళు పిల్లలకు పెడల్ ఇవ్వకముందు ఈ సంగీతపు పుటలను పొడిగా, కాలు నేల మీద ఉంచి, వాయించనివ్వాలి. బరువులేని మెట్ల కీబోర్డు మీద ‘క్లేర్ ద ల్యూన్’ నేర్పి పిల్లవాడికి దెబ్యుసీ వచ్చేసిందని తల్లిదండ్రులను నమ్మించడం మానాలి. వినేవాళ్ళు ఒక్క పని చేయండి. ‘దే పా స్యుర్ లా నేజ్’, మంచు మీద అడుగులు అనే ప్రెల్యూడ్ తీసుకోండి. ఉన్నవి 36 బార్లే, నాలుగైదు నిమిషాల సంగీతం. దీపం ఆర్పకండి, పడుకోకండి, ఫోను పక్కన పెట్టండి. కూర్చుని, అడుగు పడ్డట్టుండే ఆ చిన్న పలుకు ఎన్నిసార్లు వస్తుందో, ఎక్కడ ఆగుతుందో లెక్కపెడుతూ మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి వినండి.